సర్వర్‌లో పడే ఫైళ్లు వాటంతట అవే డేటాబేస్‌లోకి: తరచుగా అడిగే ప్రశ్నలు

సర్వర్‌లోని ఒక ఫోల్డర్‌లో రోజూ ఫైళ్లు వచ్చి పడుతుంటాయి. ఎవరో ఒకరు వాటిని తెరిచి, సరిచూసి, డేటాబేస్‌లోకి ఎక్కిస్తుంటారు. కొన్నాళ్లకు ఈ పని యంత్రానికి అప్పగిస్తే బాగుండు అనిపిస్తుంది. అలా మొదలుపెట్టినవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. అందుకే వాటిని దశలవారీగా ఇక్కడ చేర్చాను. ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు.

ఒక్క మాట ముందే చెబుతాను. ఫైలును ఎక్కించే స్క్రిప్ట్ రాయడం ఒక పూట పని. అదే ఫైలు పొరపాటున రెండోసారి వచ్చినా, పని మధ్యలో సర్వర్ ఆగిపోయినా డేటా చెడకుండా చూసుకోవడమే అసలు పని. జవాబుల్లో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

## మొదలుపెట్టే ముందు

రోజుకు ఒక్క ఫైలే వస్తుంది. దానికి కూడా ఆటోమేషన్ కావాలా?

ఎన్ని ఫైళ్లు వస్తున్నాయన్నది అంత ముఖ్యం కాదు. చేత్తో చేస్తే ఏం చెడుతోందో చూడండి. చాలామంది ఫైలును ఒకసారి ఎక్సెల్‌లో తెరిచి, చూసుకుని, సేవ్ చేసి, తర్వాత లోడ్ చేస్తారు. నష్టం అక్కడే జరుగుతుంది. సున్నాతో మొదలయ్యే కోడ్‌లలో ముందున్న సున్నాలు పోతాయి. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెల వరకే ఉంచుతుంది, కాబట్టి 16 అంకెల ఖాతా నంబర్‌లో చివరి అంకె సున్నాగా మారిపోతుంది. ఎవరూ గమనించరు. మనిషి చెయ్యి తగలకుండా ఫైలు నేరుగా టేబుల్‌లోకి వెళ్తే ఈ బెడద ఉండదు.

ఒక సందర్భంలో మాత్రం ఆగమంటాను. ఫైలు రూపం ప్రతిసారీ మారుతోంటే ముందు ఆ రూపాన్ని స్థిరపరచండి, స్క్రిప్ట్ సంగతి తర్వాత.

ఫైలునే డేటాబేస్‌లో దాచాలా, అందులోని వివరాలను టేబుల్‌లో పెట్టాలా?

ఇవి రెండు వేర్వేరు పనులు. సీఎస్‌వీ, జేసన్ లాంటి ఫైళ్లలో మనకు కావలసింది లోపలి డేటా, కాబట్టి దాన్ని వరుసలుగా విడదీసి టేబుల్‌లో పెడతాం. ఫొటోలు, పీడీఎఫ్‌లు, స్కాన్ కాపీల విషయం వేరు. వాటిని ఉన్నదున్నట్టు దాచాలి.

అలాంటివాటిని డేటాబేస్‌లోనే పెట్టొచ్చు, కానీ హద్దులున్నాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఫైళ్లను ఉన్నదున్నట్టు దాచే బైటీఏ రకం గడిలో 1 జీబీకి మించి పట్టదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వార్‌బైనరీ మ్యాక్స్ హద్దు 2 జీబీ. మైఎస్‌క్యూఎల్‌లో లాంగ్‌బ్లాబ్ 4 జీబీ అని రాసి ఉన్నా, ఒకేసారి పంపగలిగే ప్యాకెట్ పరిమితి 1 జీబీ దాటదు. ఆ హద్దుల దాకా వెళ్లకముందే బ్యాకప్‌లు ఉబ్బిపోయి ఇబ్బంది పెడతాయి. నా మట్టుకు నేను ఫైలును డిస్క్ మీదో, ఆబ్జెక్ట్ స్టోరేజీలోనో ఉంచి, టేబుల్‌లో దాని దారి, సైజు, షా-256 హ్యాష్ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి కోడ్), వచ్చిన సమయం రాస్తాను. రికార్డుతో పాటే పుట్టి, దానితో పాటే పోవాల్సిన చిన్న ఫైళ్లయితే డేటాబేస్‌లో ఉంచినా తప్పులేదు.

ఇన్ని టూల్స్ ఉన్నాయి, దేన్ని ఎంచుకోవాలి?

ముందు మీ డేటాబేస్‌తో పాటే వచ్చే లోడర్‌ను చూడండి. పోస్ట్‌గ్రెస్‌కు కాపీ కమాండ్, మైఎస్‌క్యూఎల్‌కు లోడ్ డేటా, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు బల్క్ ఇన్సర్ట్, బీసీపీ, ఒరాకిల్‌కు ఎస్‌క్యూఎల్ లోడర్, ఎక్స్‌టర్నల్ టేబుల్స్ ఉన్నాయి. వేగంలో వీటికి సాటివచ్చేవి తక్కువ. వీటి చుట్టూ ఫోల్డర్ చూడటానికి, ఫైళ్లను కదపడానికి, లెక్క రాయడానికి చిన్న పైథాన్ లేదా షెల్ స్క్రిప్ట్ చాలు.

జాబ్‌లను వరుసక్రమంలో నడిపించే ఎయిర్‌ఫ్లో లాంటిది మొదటి నుంచే పెట్టుకోవాలా?

అక్కర్లేదు. ఒక జాబ్ ముగిశాకే ఇంకొకటి మొదలవ్వాలి, అది ఆగితే నాలుగు ఆగాలి అనే ముడులు పెరిగినప్పుడు దాని విలువ తెలుస్తుంది. రెండు మూడు ఫైళ్ల కోసం పెడితే, దాన్ని చూసుకోవడమే ఇంకో ఉద్యోగం అవుతుంది.

ఫైలు పంపేవాళ్లతో ముందే ఏమేం మాట్లాడుకోవాలి?

ఒక్క పేజీలో రాసుకోండి, రెండు వైపులా ఒప్పుకోండి. గడులను ఏ గుర్తు విడదీస్తుంది, ఆ గుర్తు డేటా లోపలే వస్తే ఏం చేస్తారు, ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ఏది, మొదటి వరుసలో కాలమ్ పేర్లు ఉంటాయా, తేదీ ఏ రూపంలో, సమయం ఏ టైమ్‌జోన్‌లో, ఖాళీ గడికి అర్థమేమిటి అన్నవన్నీ అందులో ఉండాలి. సీఎస్‌వీకి ఆర్‌ఎఫ్‌సీ 4180 అని 2005లో వచ్చిన పత్రం ఒకటుంది. అందరూ దాన్నే పాటిస్తారని మాత్రం అనుకోకండి. "సీఎస్‌వీ పంపుతాం" అన్న మాటతో ఏదీ తేలదు.

జనం మరిచిపోయే ప్రశ్నలు రెండున్నాయి. ప్రతి ఫైలులో మొత్తం డేటా వస్తుందా, కొత్తగా మారినవి మాత్రమే వస్తాయా? డేటా ఏమీ లేని రోజున ఖాళీ ఫైలు పంపుతారా, అసలు పంపరా? రెండోది తేల్చుకోకపోతే, ఫైలు రాని రోజున అది మామూలేనో, ఏదైనా చెడిందో చెప్పలేరు. ఖాళీ ఫైలైనా సరే పంపమని అడగండి.

## ఫైలు రావడం, దాన్ని పట్టుకోవడం

ఎఫ్‌టీపీ బాగానే నడుస్తోంది కదా, ఎస్‌ఎఫ్‌టీపీకి ఎందుకు మారాలి?

ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ కూడా దాపరికం లేకుండా నెట్‌వర్క్ మీద వెళ్తుంది. ఎస్‌ఎఫ్‌టీపీ ఎస్‌ఎస్‌హెచ్ మీద నడుస్తుంది కాబట్టి అంతా ఎన్‌క్రిప్ట్ అవుతుంది, పాస్‌వర్డ్ బదులు కీ వాడొచ్చు, పోర్ట్ 22 ఒక్కటి తెరిస్తే చాలు. ఇంకో లాభం కూడా ఉంది. ఎఫ్‌టీపీని ఆస్కీ మోడ్‌లో వాడితే లైన్ చివరి గుర్తులు దారిలోనే మారిపోతాయి, జిప్ ఫైళ్లయితే పాడైపోతాయి. ఎస్‌ఎఫ్‌టీపీకి మారాక అవతలి సర్వర్ కీని ఒకసారి సరిచూసి నమోదు చేసుకోండి. ఎర్రర్ వస్తోందని ఆ తనిఖీని ఆపేయడం మాత్రం వద్దు.

ఫైలు పూర్తిగా వచ్చిందో, ఇంకా వస్తోందో స్క్రిప్ట్‌కు ఎలా తెలుస్తుంది?

దానంతట దానికి తెలియదు. సగం వచ్చిన సీఎస్‌వీ కూడా చూడటానికి సీఎస్‌వీలాగే ఉంటుంది. ఎర్రర్ రాకుండా లోడ్ అయిపోతుంది కూడా. ఈ పనిలో నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే.

అన్నిటికంటే మంచి పద్ధతి: పంపేవాళ్లు ఫైలును ముందు వేరే పేరుతో, ఉదాహరణకు చివర "పార్ట్" అని ఉన్న పేరుతో రాసి, పూర్తయ్యాక అసలు పేరుకు మార్చాలి. ఒకే ఫైల్ సిస్టమ్‌లో పేరు మార్చడం ఒక్క దెబ్బలో జరిగే పని, సగం మారడం అంటూ ఉండదు. వేరే డిస్క్‌కు తరలిస్తే ఆ హామీ లేదు, అది లోపల కాపీయే. ఆర్‌సింక్ మామూలుగానే ఇలా చేస్తుంది: చుక్కతో మొదలయ్యే తాత్కాలిక పేరుతో రాసి, చివర్లో పేరు మారుస్తుంది.

పంపేవాళ్లు పేరు మార్చలేమంటే, అసలు ఫైలు తర్వాత ఒక చిన్న గుర్తు ఫైలు పంపమనండి. అందులో వరుసల సంఖ్య, షా-256 హ్యాష్ ఉండాలి. గుర్తు ఫైలు వచ్చేదాకా అసలు ఫైలును ముట్టుకోకూడదు. లోడ్ చేసే ముందు రెండూ సరిపోయాయో లేదో చూడాలి.

"నిమిషం పాటు సైజు మారకపోతే పూర్తయినట్టే" అనే పద్ధతి చాలాచోట్ల కనబడుతుంది. నెట్‌వర్క్ రెండు నిమిషాలు ఆగి మళ్లీ సాగితే ఇది మోసం చేస్తుంది. ఇంకే దారీ లేనప్పుడే వాడండి.

చెప్పిన సమయాలకు జాబ్‌ను నడిపే క్రాన్ పెట్టాలా, ఫైలు పడగానే పట్టుకునే ఐనోటిఫై పెట్టాలా?

ఐదు నిమిషాల ఆలస్యం ఫర్వాలేదంటే క్రాన్ పెట్టి నిశ్చింతగా ఉండండి. ఐనోటిఫైకి చాలామందికి తెలియని లోట్లున్నాయి. మీ ప్రోగ్రామ్ ఆగి ఉన్న సమయంలో వచ్చిన ఫైళ్ల గురించి అది చెప్పదు. నెట్‌వర్క్ మీద పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ ఫోల్డర్‌లో వేరే మెషిన్ రాసిన ఫైలు దానికి కనబడదు. ఫైలు రాయడం ముగిసి మూసేసినప్పుడు అది కబురు పంపుతుంది నిజమే, కానీ అప్‌లోడ్ మధ్యలో కనెక్షన్ తెగినా అవతలి ప్రాసెస్ ఫైలును మూసేస్తుంది. అప్పుడూ అదే కబురు వస్తుంది.

వెంటనే పట్టుకోవడం తప్పనిసరైతే రెండూ పెట్టండి. ఐనోటిఫై వేగం కోసం, క్రాన్ తప్పిపోయినవాటి కోసం. సర్వర్ ఆగి ఉన్నప్పుడు దాటిపోయిన జాబ్ మళ్లీ లేచాక నడవాలంటే, మామూలు క్రాన్ ఆ పని చేయదు. సిస్టమ్‌డీ టైమర్‌లో పర్సిస్టెంట్ అనే సెట్టింగ్ చేస్తుంది.

చేత్తో నడిపితే బాగానే ఉంది, క్రాన్‌లో పెడితే నడవడం లేదు. ఎందుకు?

క్రాన్ మీ లాగిన్ సెట్టింగులేవీ చదవదు. పాత్ (ప్రోగ్రామ్‌ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) చాలా చిన్నగా ఉంటుంది, షెల్ కూడా మామూలు ఎస్‌హెచ్. కాబట్టి ప్రతి ప్రోగ్రామ్‌కూ, ఫైలుకూ పూర్తి దారి రాయండి, కావలసిన వేరియబుల్స్‌ను స్క్రిప్ట్‌లోనే పెట్టండి. క్రాన్‌ట్యాబ్ లైన్‌లో తేదీ కోసం శాతం గుర్తు వాడారేమో కూడా చూడండి. క్రాన్ ఆ గుర్తును కొత్త లైన్‌గా తీసుకుంటుంది, కమాండ్ అక్కడే తెగిపోతుంది. తేదీ లెక్కను స్క్రిప్ట్ లోపలికి మార్చేస్తే సరి.

ముందు జాబ్ ముగియకముందే రెండోది మొదలైతే?

ఇద్దరూ ఒకే ఫైలును పట్టుకుంటారు, వరుసలు రెండేసి పడతాయి. లినక్స్‌లో ఎఫ్‌లాక్‌తో జాబ్‌ను మొదలుపెట్టండి. మామూలుగా అది తాళం దొరికేదాకా ఆగుతుంది; -n ఆప్షన్ ఇస్తే, తాళం దొరకనప్పుడు రెండోది ఊరికే వెనక్కి వెళ్లిపోతుంది. జాబ్ చచ్చిపోతే తాళం దానంతట అదే ఊడుతుంది. "లాక్ అనే పేరుతో ఫైలు ఉందా" అని చూసే సొంత ఏర్పాట్లలో ఆ సౌకర్యం ఉండదు. ఒకసారి మెషిన్ రీస్టార్ట్ అయితే ఆ ఫైలు అలాగే ఉండిపోతుంది, ఎవరో తొలగించేదాకా జాబ్ నడవదు. రెండు వేర్వేరు సర్వర్ల నుంచి జాబ్ నడిచే అవకాశం ఉంటే తాళం డేటాబేస్‌లోనే వేయాలి. పోస్ట్‌గ్రెస్‌లో అడ్వైజరీ లాక్ అందుకు పనికొస్తుంది.

లాగ్ ఫైలులోకి ఎప్పుడూ ఏదో ఒకటి రాస్తూనే ఉంటారు. దాన్నెలా ఎక్కించాలి?

కిందటిసారి ఎన్నో బైటు దాకా చదివారో, ఫైలు ఐనోడ్ నంబర్ (పేరు మారినా మారకుండా ఉండే, ఫైల్ సిస్టమ్ ఇచ్చే సంఖ్య) ఏమిటో గుర్తుపెట్టుకుని అక్కడి నుంచి మొదలుపెట్టాలి. చివరి లైన్ పూర్తికాకపోతే దాన్ని వదిలేయాలి, వచ్చేసారి చదువుకోవచ్చు. ఐనోడ్ మారిందంటే లాగ్ రొటేట్ అయిందన్నమాట, అంటే పాత ఫైలును పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టారు. ముందు పాతదాంట్లో మిగిలింది ముగించి, కొత్తదానికి వెళ్లాలి. వీలైతే రొటేట్ అయిపోయిన ఫైళ్లనే ఎక్కించండి, అది చాలా సులువు. లాగ్‌రొటేట్‌లో కాపీట్రంకేట్ సెట్టింగ్ ఉంటే, కాపీ చేయడానికీ ఖాళీ చేయడానికీ మధ్య రాసిన కొన్ని లైన్లు పోవచ్చు. లెక్క పక్కాగా కావాలంటే ఆ సెట్టింగ్ తీసేయండి.

## డేటాబేస్‌లోకి ఎక్కించడం

ఫైలు కళ్లముందే ఉంది, డేటాబేస్ మాత్రం "దొరకలేదు" లేదా "అనుమతి లేదు" అంటోంది. ఏం చేయాలి?

ఫైలును ఎవరు చదువుతున్నారో తేల్చుకోండి, సగం గందరగోళం పోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో కాపీ కమాండ్‌కు ఫైలు పేరు ఇస్తే, దాన్ని డేటాబేస్ సర్వర్ తన మెషిన్ మీద, తన యూజర్ అనుమతులతో చదువుతుంది. మీ లాప్‌టాప్‌లోని ఫైలు దానికెలా కనబడుతుంది? అందుకు సూపర్‌యూజర్ అయినా కావాలి, లేదా 11వ వెర్షన్ నుంచి ఉన్న సర్వర్ ఫైళ్లు చదివే రోల్ అయినా కావాలి. పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ ప్రోగ్రామ్ పీఎస్‌క్యూఎల్‌లో ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి రాసే కాపీ వేరు. అది ఫైలును మీ వైపు చదివి, డేటాను సర్వర్‌కు పంపుతుంది. ఎక్కువమందికి కావలసింది ఇదే.

మైఎస్‌క్యూఎల్‌లో కూడా ఇలాగే రెండు రకాలు. మామూలు లోడ్ డేటాకు ఫైల్ అనే ప్రివిలేజ్ కావాలి, సెక్యూర్ ఫైల్ ప్రివ్ సెట్టింగ్ చూపించే ఫోల్డర్‌లోనే ఫైలు ఉండాలి. లోకల్ అని చేరిస్తే క్లయింట్ చదివి పంపుతుంది, కానీ 8.0 నుంచి సర్వర్‌లో అది మొదట ఆపేసే ఉంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ బల్క్ ఇన్సర్ట్‌లో ఇచ్చే దారి కూడా సర్వర్ మెషిన్‌కు కనబడే దారే. క్లౌడ్‌లో ఎవరో నడిపే డేటాబేస్ అయితే దాని డిస్క్ మీకు అందదు. క్లయింట్ వైపు నుంచి పంపడమో, ఆ సేవలో ఉన్న స్టోరేజీ నుంచి తీసుకునే దారి వాడటమో చేయాలి.

నేరుగా అసలు టేబుల్‌లోకే ఎక్కిస్తే తప్పేంటి?

ఫైలులోని తప్పు మీ రిపోర్టుల్లోకి అదే క్షణంలో వెళ్లిపోతుంది. మధ్యలో ఒక స్టేజింగ్ టేబుల్ పెట్టుకోండి. అందులో కాలమ్‌లన్నీ టెక్స్ట్‌గానే ఉంచండి, కన్‌స్ట్రెయింట్‌లు (డేటా ఇలాగే ఉండాలనే నియమాలు) పెట్టొద్దు. ఫైలు ఐడీ, లైన్ నంబర్ కోసం రెండు కాలమ్‌లు చేర్చండి. ఇప్పుడు "తేదీ కాని తేదీ ఉన్న వరుసలేవి", "ఈ కస్టమర్ కోడ్ మన దగ్గర లేదా" లాంటివన్నీ మామూలు క్వెరీతో అడగొచ్చు. బాగున్నవి అసలు టేబుల్‌కు, బాగాలేనివి కారణంతో సహా ఇంకో టేబుల్‌కు వెళ్తాయి. "ఫలానా ఫైలులో 4,182వ లైన్" అని చెప్పగలిగితే పంపేవాళ్లు వెంటనే సరిచేస్తారు. "ఏదో ఎర్రర్ వచ్చింది" అంటే ఎవరూ కదలరు.

అదే ఫైలు రెండోసారి వస్తే డేటా డబుల్ కాకుండా ఎలా?

తప్పకుండా వస్తుంది. పంపేవాళ్లకు అనుమానం వచ్చి మళ్లీ పంపుతారు, మీరే పరీక్ష కోసం మళ్లీ నడుపుతారు. అందుకే రెండు అడ్డుగోడలు కట్టాలి.

మొదటిది ఫైళ్ల రిజిస్టర్, అంటే వచ్చిన ప్రతి ఫైలుకూ ఒక వరుస ఉండే టేబుల్. పేరు, షా-256 హ్యాష్, సైజు, వరుసల సంఖ్య, స్థితి, మొదలైన సమయం, ముగిసిన సమయం అందులో ఉంటాయి. హ్యాష్ కాలమ్ మీద యూనిక్ (ఒకే విలువ రెండోసారి రాకూడదనే నియమం) పెట్టండి. పేరును నమ్మకండి: అదే పేరుతో వేరే డేటా రావచ్చు, వేరే పేరుతో అదే డేటా రావచ్చు. రోజూ ఖాళీ ఫైలు వచ్చే ఏర్పాటు ఉంటే వాటన్నిటికీ హ్యాష్ ఒకటే అవుతుంది. అప్పుడు ఫైలు ఏ తేదీదో ఆ తేదీని కూడా యూనిక్‌లో కలపండి.

రెండోది వరుసల స్థాయిలో. అసలు టేబుల్‌కు నిజమైన కీ ఉండాలి, అంటే డేటాలోనే ఉండే బిల్లు నంబర్ లాంటిది. మనం ఇచ్చుకున్న సీరియల్ నంబర్ దీనికి పనికిరాదు. ఆ కీ ఆధారంగా ఉంటే మార్చు, లేకపోతే చేర్చు అని రాయాలి. పోస్ట్‌గ్రెస్‌లో 9.5 నుంచి ఆన్ కాన్‌ఫ్లిక్ట్, 15 నుంచి మెర్జ్ ఉన్నాయి. మైఎస్‌క్యూఎల్‌లో ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్ ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్, ఒరాకిల్‌లలో మెర్జ్ ఉంది. ఒకే ఫైలులో ఒకే కీ రెండుసార్లు ఉంటే పోస్ట్‌గ్రెస్ ఆన్ కాన్‌ఫ్లిక్ట్ అప్‌డేట్ ఎర్రర్ ఇస్తుంది, కాబట్టి స్టేజింగ్‌లోనే ఏది ఉంచాలో తేల్చుకోండి.

ఈ రెండూ పెట్టాక జాబ్‌ను పదిసార్లు నడిపినా ఫలితం ఒక్కటే. అర్ధరాత్రి ఫోన్ వచ్చినా టెన్షన్ పడకుండా "మళ్లీ నడపండి" అని చెప్పొచ్చు.

లోడ్ సగంలో ఆగిపోతే మిగిలిన సగం ఏమవుతుంది?

మిగిలిన సగం కంటే ముందు ఎక్కేసిన సగం గురించే ఆలోచించాలి. అసలు టేబుల్‌కు కలపడం, ఫైళ్ల రిజిస్టర్‌లో "పూర్తయింది" అని రాయడం, ఈ రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. అప్పుడు రెండూ ఉంటాయి, లేదా రెండూ ఉండవు. ఫైలును "పూర్తయినవి" ఫోల్డర్‌కు కదపడం మాత్రం కమిట్ (ట్రాన్సాక్షన్‌ను ఖాయం చేయడం) తర్వాతే. కమిట్‌కూ కదపడానికీ మధ్య సర్వర్ ఆగిపోతే ఫైలు పాత ఫోల్డర్‌లోనే ఉంటుంది. మళ్లీ నడిపినప్పుడు రిజిస్టర్ చూసి వదిలేస్తుంది. ముందే కదిపితే ఫైలు కనబడదు, డేటా కూడా ఉండదు.

మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్‌లలో టేబుల్‌ను ఒక్కసారిగా ఖాళీ చేసే ట్రంకేట్ కొడితే అప్పటిదాకా చేసింది దానంతట అదే కమిట్ అయిపోతుంది, వెనక్కి రాదు. ట్రాన్సాక్షన్ మధ్యలో దాన్ని పెట్టకండి, డిలీట్ వాడండి. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో ట్రంకేట్‌ను కూడా రోల్‌బ్యాక్ చేయొచ్చు.

ఒక్క వరుస తప్పున్నా మొత్తం ఫైలు ఆపేయాలా?

డేటా స్వభావాన్ని బట్టి. డబ్బు లెక్కల ఫైలైతే ఆపేయండి, ఒక్క వరుస తగ్గినా మొత్తం తప్పుతుంది. సెన్సర్ రీడింగుల్లాంటివైతే పాడైనవి పక్కన పెట్టి సాగిపోవచ్చు, కానీ శాతానికి ఒక హద్దు పెట్టుకోండి.

ఎటూ తేల్చుకోకపోతే లోడరే మీ తరఫున తేల్చేస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ బల్క్ ఇన్సర్ట్ మామూలుగా 10 ఎర్రర్ల దాకా సహించి మిగతావి ఎక్కిస్తుంది. ఒరాకిల్ ఎస్‌క్యూఎల్ లోడర్‌కు ఆ హద్దు 50. మైఎస్‌క్యూఎల్‌లో లోకల్ వాడితే చాలా ఎర్రర్లు వార్నింగులుగా మారిపోతాయి, వాటిని అడిగి చూస్తే తప్ప తెలియదు. పోస్ట్‌గ్రెస్ కాపీ ఒక్క తప్పుకే మొత్తం ఆపేస్తుంది. 17వ వెర్షన్ నుంచి మాత్రం, కోరితే, టైపు కుదరని వరుసలను వదిలేసి సాగుతుంది.

లక్షల వరుసలకు గంటలు పడుతోంది. ఎక్కడ తప్పు?

ఒక్కో వరుసకూ ఒక్కో ఇన్సర్ట్, ఒక్కో కమిట్ జరుగుతోందేమో ముందు చూడండి. ప్రతి కమిట్‌కూ డేటాబేస్ డిస్క్ మీద రాత పూర్తయ్యేదాకా ఆగుతుంది. బల్క్ లోడర్‌కు మారితేనే చాలావరకు తీరిపోతుంది. అలా కుదరకపోతే కొన్ని వేల వరుసలకు ఒక కమిట్ చొప్పున స్టేజింగ్‌లోకి పంపండి. స్టేజింగ్ టేబుల్‌కు ఇండెక్సులు లోడ్ అయ్యాకే కట్టండి, ఆ వెంటనే స్టాటిస్టిక్స్ తాజా చేయండి. లేకపోతే కలిపే క్వెరీ తప్పుడు ప్లాన్ ఎంచుకుని గంటల తరబడి నడుస్తుంది. అసలు టేబుల్ ఇండెక్సులను మాత్రం రోజువారీ లోడ్ కోసం తీసి పెట్టడం నాకు నచ్చదు, ఆ సమయంలో వాడేవాళ్లు ఇబ్బంది పడతారు.

## డేటాలో వచ్చే చిక్కులు

తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా, పిచ్చి గుర్తులుగా వస్తున్నాయి. ఏం చేయాలి?

ఫైలు, కనెక్షన్, టేబుల్, ఈ మూడింటి ఎన్‌కోడింగ్ సరిపోవాలి. ప్రశ్నార్థకాలు పడ్డాయంటే అసలు అక్షరాలు అప్పటికే పోయాయి, ఫైలు నుంచి మళ్లీ లోడ్ చేయడమే దారి. పిచ్చి గుర్తులైతే తరచూ వెనక్కి తీసుకురావచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో పాతకాలపు యూటీఎఫ్8 అనే పేరు అక్షరానికి 3 బైట్ల దాకానే పట్టిస్తుంది. తెలుగు అక్షరాలు అందులో సరిపోతాయి గానీ ఎమోజీలకు 4 బైట్లు కావాలి. యూటీఎఫ్8ఎంబీ4 వాడండి. లోడ్ డేటా కమాండ్ కనెక్షన్ సెట్టింగును పట్టించుకోదు, కాబట్టి క్యారెక్టర్ సెట్‌ను ఆ కమాండ్‌లోనే రాయాలి.

మొదటి కాలమ్ పేరు సరిగ్గానే ఉంది, అయినా దొరకడం లేదంటోంది. ఎందుకు?

ఫైలు మొదట్లో కంటికి కనబడని 3 బైట్లు ఉండి ఉంటాయి. వాటిని బామ్ అంటారు, విండోస్ ప్రోగ్రాములు తరచూ చేరుస్తాయి. అవి మొదటి కాలమ్ పేరుకు అతుక్కుపోతాయి. పైథాన్‌లో యూటీఎఫ్-8-సిగ్ అనే ఎన్‌కోడింగ్‌తో తెరిస్తే పోతాయి.

ఖాళీ గడులు ఒకచోట నల్‌గా (విలువ లేదు అనే గుర్తుగా), ఒకచోట సున్నాగా వస్తున్నాయి. ఎందుకిలా?

ఒక్కో డేటాబేస్‌ది ఒక్కో తీరు. పోస్ట్‌గ్రెస్ సీఎస్‌వీలో కోట్స్ లేని ఖాళీ నల్ అవుతుంది, కోట్స్ మధ్య ఖాళీ మాత్రం ఖాళీ స్ట్రింగ్‌గానే ఉంటుంది. ఒరాకిల్‌కు ఖాళీ స్ట్రింగ్ అంటేనే నల్. మైఎస్‌క్యూఎల్‌లో నల్ కావాలంటే ఫైలులో బ్యాక్‌స్లాష్ ఎన్ ఉండాలి. లోకల్‌తో లోడ్ చేసినప్పుడు అంకెల కాలమ్‌లో ఖాళీ గడి సున్నాగా పడుతుంది. "తెలియదు" అన్నది "సున్నా" అయిపోతే సగటులన్నీ తప్పుతాయి. టెక్స్ట్‌గా తీసుకుని, ఏది నల్ కావాలో మీరే క్వెరీలో రాసుకోవడం మేలు.

తేదీల్లో నెల, రోజు తారుమారవుతున్నాయి. ఎలా పట్టుకోవాలి?

03/04 చూసి అది మార్చి 4 అవునో, ఏప్రిల్ 3 అవునో ఏ ప్రోగ్రామూ చెప్పలేదు. రోజు 12 దాటిన తేదీలకే ఎర్రర్ వస్తుంది, మిగతావి మౌనంగా తప్పుగా ఎక్కుతాయి. సంవత్సరం, నెల, రోజు వరుసలో పంపమనండి. కుదరదంటే ఆ ఫైలు రూపాన్ని కోడ్‌లో స్పష్టంగా రాయండి, డేటాబేస్ ఊహకు వదలకండి. సమయాలు యూటీసీలో దాచండి.

చెప్పకుండా కొత్త కాలమ్ చేర్చారు. స్క్రిప్ట్ దాన్ని ఎలా తట్టుకోవాలి?

తట్టుకోకూడదు, ఆగాలి. మొదటి వరుసలోని పేర్లను మనం అనుకున్న జాబితాతో పోల్చి, తేడా ఉంటే ఫైలును పక్కన పెట్టి కబురు పంపాలి. వరుస క్రమాన్ని నమ్మి లోడ్ చేస్తే, రెండు టెక్స్ట్ కాలమ్‌లు చోటు మారినా ఎర్రర్ రాదు. ఊరు పేరు మనిషి పేరు గడిలోకి వెళ్లిపోతుంది.

## రోజూ నడిపించడం, కాపలా కాయడం

జాబ్ సక్సెస్ అంటోంది, టేబుల్‌లో మాత్రం డేటా లేదు. ఎలా సాధ్యం?

పీఎస్‌క్యూఎల్‌కు స్క్రిప్ట్ ఫైలు ఇచ్చినప్పుడు, మధ్యలో ఒక కమాండ్ ఫెయిలైనా అది తర్వాతి వాటికి వెళ్లిపోతుంది, చివర్లో ఎగ్జిట్ కోడ్ 0 ఇస్తుంది. ఆన్ ఎర్రర్ స్టాప్ అనే వేరియబుల్ పెడితేనే ఆగి, 3 ఇస్తుంది. నేను పనిచేసిన ఒకచోట ఇది పెట్టకపోవడం వల్ల కొన్ని వారాల పాటు రోజూ "సక్సెస్" మెయిల్ వచ్చింది, టేబుల్ మాత్రం పాతదే. బ్యాష్‌లో ఒక కమాండ్ ఫలితాన్ని ఇంకోదానికి అందించే పైపులు వాడితే చివరి కమాండ్ ఫలితమే లెక్కలోకి వస్తుంది, ముందున్న అన్‌జిప్ ఫెయిలైనా తెలియదు. పైప్‌ఫెయిల్ పెట్టండి.

ఎగ్జిట్ కోడ్‌తో ఆగకండి. ఫైలులో ఎన్ని వరుసలు, స్టేజింగ్‌లో ఎన్ని, అసలు టేబుల్‌కు ఎన్ని, తిరస్కరించినవి ఎన్ని, ఇవి లెక్క కుదరాలి. మొత్తం డబ్బు లాంటి కాలమ్ ఉంటే దాని కూడిక కూడా పోల్చండి.

అలర్ట్ ఎప్పుడు రావాలి? రోజూ మెయిల్ వస్తే ఎవరూ చదవడం లేదు.

బాగున్న రోజు మెయిల్ పంపకండి. మూడు సందర్భాల్లో చాలు: జాబ్ ఫెయిలైనప్పుడు, లెక్క కుదరనప్పుడు, రావాల్సిన సమయానికి ఫైలు రానప్పుడు. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. ఆ తనిఖీని లోడ్ జాబ్‌లోనే పెడితే, జాబే నడవని రోజున తనిఖీ కూడా నడవదు. వేరే మెషిన్ నుంచి "చివరి లోడ్ ఎప్పుడు ముగిసింది" అని అడిగే చిన్న క్వెరీ పెట్టండి.

పాస్‌వర్డ్ ఎక్కడ పెట్టాలి?

స్క్రిప్ట్‌లో వద్దు, కమాండ్ లైన్‌లో అసలే వద్దు, ప్రాసెస్‌ల జాబితాలో ఇతరులకు కనబడొచ్చు. పోస్ట్‌గ్రెస్‌కు పీజీపాస్ ఫైలు ఉంది. దాని అనుమతులు 0600 కంటే సడలితే దాన్ని పట్టించుకోదు. మైఎస్‌క్యూఎల్‌కు ఆప్షన్ ఫైలు ఉంది. సీక్రెట్స్ మేనేజర్ ఉంటే ఇంకా మంచిది.

జాబ్ యూజర్‌కు ఏ అనుమతులు ఇవ్వాలి?

స్టేజింగ్ మీద పూర్తిగా, అసలు టేబుల్‌లో చేర్చడం, చదవడం, మార్చడం వరకు. టేబుల్‌ను డ్రాప్ చేసే హక్కు దానికెందుకు? ఫైలు బయటి నుంచి వస్తుందని మరవకండి. ఫైలు పేరును తీసుకుని టేబుల్ పేరుగానో, షెల్ కమాండ్‌లోనో అతికించకూడదు. విలువలను క్వెరీలో అతికించకుండా పారామీటర్లుగా ఇవ్వాలి. జిప్ లోపలి పేర్లలో రెండు చుక్కలతో పై ఫోల్డర్లకు వెళ్లే దారులుంటే విప్పకుండా ఆపాలి.

లోడ్ అయిపోయిన ఫైళ్లను ఎన్నాళ్లు ఉంచాలి?

తప్పు బయటపడటానికి పట్టే కాలం కంటే ఎక్కువ. నెల చివర లెక్క చూసుకునే చోట కనీసం రెండు మూడు నెలలవి ఉండాలి. కంప్రెస్ చేసి, తేదీ ఫోల్డర్లలో పెట్టండి. వ్యక్తిగత వివరాలున్న ఫైళ్లకు గడువు పెట్టి, ఆ గడువుకు తొలగించే జాబ్ కూడా ఇప్పుడే రాయండి.

రెండు నెలల కిందటి ఒక రోజు డేటా తప్పని ఇప్పుడు తేలింది. మిగతా రోజులు చెడకుండా అది ఒక్కటే ఎలా మార్చాలి?

అసలు టేబుల్‌లోని ప్రతి వరుసలో అది ఏ ఫైలు నుంచి వచ్చిందో చెప్పే ఫైలు ఐడీ కాలమ్ ఉంటే ఇది పది నిమిషాల పని. ఒకే ట్రాన్సాక్షన్‌లో ఆ ఫైలు ఐడీ ఉన్న వరుసలు తీసేసి, సరిచేసిన ఫైలును కొత్త ఐడీతో ఎక్కించి, పాత ఫైలు స్థితిని "రద్దు" అని మార్చాలి. ఆ తర్వాతి రోజుల ఫైళ్లు అదే వరుసలను మార్చి ఉంటే వాటి ఐడీ కూడా మారి ఉంటుంది, కాబట్టి అవి అలాగే ఉండాలి. సరిచేసిన పాత ఫైలు వాటి మీద రాసేయకుండా, మార్చే షరతులో ఫైలు తేదీని పోల్చండి: టేబుల్‌లో ఉన్నది కొత్తదైతే ముట్టుకోకూడదు. ఆ కాలమ్ ఇప్పటికి లేకపోతే ఈ రోజే చేర్చండి. పాత వరుసలకు ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు, ఇవాళ్టి నుంచి వచ్చేవాటికైనా ఆచూకీ ఉంటుంది.